గుంపులో ఎలక్ట్రాన్ నడక: విద్యుత్, అయస్కాంత క్షేత్రాల మధ్య వాయువులో దాని దారిని లెక్కగట్టడం ఎలా

ఆదివారం సాయంత్రం విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసురా సబ్‌మెరైన్ దగ్గర బయల్దేరి కాళీమాత గుడి వైపు నడిచి చూడండి. మీ కాళ్లు మామూలు వేగంతోనే కదులుతాయి. కానీ మురీ మిక్చర్ బండి దగ్గర జనం అడ్డొస్తారు, గుర్రమెక్కిన పిల్లాడికి దారివ్వాలి, సెల్ఫీలు తీసుకునేవాళ్లని చుట్టి వెళ్లాలి. వేసిన అడుగులు బోలెడు, ముందుకు సాగింది కొంచెం. వాయువులో ఎలక్ట్రాన్ పరిస్థితీ ఇదే. 1 ఎలక్ట్రాన్ వోల్ట్ (1 వోల్టు తేడా దాటితే ఎలక్ట్రాన్‌కు దక్కే శక్తి) ఉన్న ఎలక్ట్రాన్ సెకనుకు 593 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది. ఒక డిటెక్టర్‌లో (కణాలను పట్టే గ్యాస్ పరికరం) విద్యుత్ క్షేత్రం దాన్ని లాగుతున్న వైపు అది నికరంగా సాగేది సెకనుకు 50 కిలోమీటర్లో, ఇంకా తక్కువో. ఈ రెండో అంకెను డ్రిఫ్ట్ వేగం అంటాం. తెలుగు పాఠ్యపుస్తకాల్లో అపసర వేగం అని ఉంటుంది.

ఎమ్మెస్సీ ఫిజిక్స్ ప్రాజెక్ట్ కోసం వచ్చే పిల్లలకు నేను ఏటా ఈ లెక్క చెబుతుంటాను. వాళ్ల దగ్గర ఉండేది ఒక మామూలు ల్యాప్‌టాప్, కాస్త పైథాన్, బోలెడు టెన్షన్. అందరూ చేసే పొరపాటు ఒక్కటే. స్క్రీన్ మీద ఎలక్ట్రాన్ దారి అందంగా మెలికలు తిరిగితే చాలు, ప్రోగ్రాం పనిచేస్తోందని నమ్మేస్తారు. తప్పు ప్రోగ్రాం కూడా అంతే అందమైన మెలికలు గీస్తుంది. అందుకే ఈ మార్గదర్శిలో ప్రతి మెట్టు దగ్గరా చేత్తో లెక్కగట్టగల జవాబు ఒకటి ఇస్తాను. ప్రోగ్రాం ముందు దాన్ని ఇచ్చాకే పై మెట్టు ఎక్కండి.

మొదటి మెట్టు: ఎంత లోతు కావాలి?

మూడు దారులున్నాయి. కోట్ల కొద్దీ కొలిజన్లను (పుస్తకాల్లో అభిఘాతాలు) ఒకే ఒక రాపిడి పదంగా మార్చేసి, ఎలక్ట్రాన్‌ను నీళ్లలో మునిగే గోళీలా చూడటం మొదటిది. ఇది లాంజెవిన్ సమీకరణం, కాగితం మీదే తేలిపోతుంది. రెండోది బోల్ట్జ్‌మన్ సమీకరణం. ఇందులో ఒక్కో ఎలక్ట్రాన్‌ను కాకుండా గుంపు మొత్తంలో ఏ శక్తి దగ్గర ఎందరున్నారో లెక్కగడతాం. హేగెలార్, పిచ్‌ఫోర్డ్ 2005లో వివరించిన బోల్సిగ్ ప్లస్ ఈ పని సెకన్లలో చేస్తుంది. మూడోది మాంటే కార్లో: ఒక్కో ఎలక్ట్రాన్ వెంటపడి, అది ఎప్పుడు దేన్ని గుద్దిందో పాచికలు వేసి తేల్చడం.

డ్రిఫ్ట్ వేగం ఒక్కటే కావాలంటే మూడో దారి దాకా వెళ్లడం దండగ. సన్నని తీగ చుట్టూ, చిన్న రంధ్రంలో, క్షేత్రం మైక్రాన్ల దూరంలోనే మారిపోయేచోట మాత్రం సగటు లెక్కలు చేతులెత్తేస్తాయి. అక్కడ మాంటే కార్లో తప్పదు. నా సలహా ఏమిటంటే, మొదటి దారితో అంచనా వేసుకోండి, మూడో దాన్ని చేత్తో రాసి నేర్చుకోండి, అసలు ఫలితాలకు మాత్రం రెడీమేడ్ ప్రోగ్రాం వాడండి.

రెండో మెట్టు: వోల్టేజీ కాదు, ఈ బై ఎన్

డిటెక్టర్‌లో క్షేత్రం సెంటీమీటరుకు 1000 వోల్టులు అని చెబితే సగం సంగతే చెప్పినట్టు. ఎలక్ట్రాన్‌కు కావలసింది ఒక గుద్దుడుకూ ఇంకో గుద్దుడుకూ మధ్య ఎంత శక్తి చిక్కుతుంది అన్నది. అది క్షేత్రం మీద, ఘనపు మీటరులో ఉన్న అణువుల సంఖ్య (ఎన్) మీద ఆధారపడుతుంది. క్షేత్రాన్ని ఆ సంఖ్యతో భాగించగా వచ్చేదే ఈ బై ఎన్. దాని యూనిట్ టౌన్‌సెండ్, అంటే 10⁻²¹ వోల్ట్ చదరపు మీటర్.

ఎన్ కనుక్కోవడం తేలికే. పీడనాన్ని పాస్కల్‌లో తీసుకుని, బోల్ట్జ్‌మన్ స్థిరాంకం (1.380649 × 10⁻²³), కెల్విన్‌లో ఉష్ణోగ్రత, ఈ రెండింటి లబ్ధంతో భాగించాలి. 1 అట్మాస్ఫియర్, 20 డిగ్రీలకు 2.50 × 10²⁵ వస్తుంది. అదే మన మే నెలలో ఏసీ లేని ల్యాబ్‌లో 35 డిగ్రీలనుకోండి, 2.38 × 10²⁵. సెంటీమీటరుకు 1000 వోల్టులు అక్కడ 3.99 టౌన్‌సెండ్లు, ఇక్కడ 4.20. వోల్టేజీ నాబ్ ముట్టుకోలేదు, అయినా ఎలక్ట్రాన్‌కు క్షేత్రం 5 శాతం పెరిగినట్టే.

పీడనం సంగతీ అంతే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడ్డ రోజు తుపాను కేంద్రంలో పీడనం 950 హెక్టోపాస్కల్ దాకా దిగింది. మామూలు 1013తో పోలిస్తే 6 శాతం తక్కువ. అలాంటప్పుడు బయటి పీడనంతో పాటే మారే డిటెక్టర్ ఆన్‌లో ఉంటే (కరెంటు ఉంటే కదా!) దాని లోపల ఈ బై ఎన్ అంత మేర పైకి పోయేది. ఇక్కడో మెలిక ఉంది. గ్యాస్ నింపి సీల్ చేసేసిన గొట్టంలో ఎండ పెరిగినా ఎన్ మారదు, లోపలి పీడనం మాత్రమే పెరుగుతుంది. మీది సీల్ చేసిందా, గ్యాస్ పారుతూ ఉండేదా అన్నది ప్రోగ్రాం మొదటి వరుసలోనే రాసిపెట్టుకోండి.

మూడో మెట్టు: రెండు అంకెలతో కథంతా

లాంజెవిన్ లెక్కలో కావలసినవి రెండే. మొదటిది సైక్లోట్రాన్ పౌనఃపున్యం, ఒమేగా. ఆవేశాన్ని అయస్కాంత క్షేత్రంతో గుణించి ద్రవ్యరాశితో భాగిస్తే వస్తుంది. ఎలక్ట్రాన్‌కు 1 టెస్లాలో సెకనుకు 1.76 × 10¹¹ రేడియన్లు. రెండోది రెండు కొలిజన్ల మధ్య సగటు విరామం, టౌ. డ్రిఫ్ట్ వేగం తెలిస్తే దాన్ని వెనక్కి లాగొచ్చు:

టౌ = (ద్రవ్యరాశి × డ్రిఫ్ట్ వేగం) ÷ (ఆవేశం × విద్యుత్ క్షేత్రం)

ఈ రెంటినీ గుణిస్తే వచ్చే ఒమేగా-టౌ, ఒక గుద్దుడుకూ ఇంకోదానికీ మధ్య ఎలక్ట్రాన్ ఎన్ని రేడియన్లు తిరగగలదో చెబుతుంది. 1 కంటే బాగా ఎక్కువైతే అయస్కాంతానిదే పెత్తనం, బాగా తక్కువైతే గుంపుదే.

సెర్న్ (జెనీవా దగ్గరి కణభౌతిక ప్రయోగశాల) డిటెక్టర్లు రెండింటితో చూద్దాం. 2000 దాకా నడిచిన అలెఫ్ ప్రయోగపు టైమ్ ప్రొజెక్షన్ చాంబర్‌లో (కణాల దారిని పట్టే పెద్ద గ్యాస్ గది) 91 శాతం ఆర్గాన్, 9 శాతం మీథేన్ ఉండేవి. సెంటీమీటరుకు 110 వోల్టులు, 1.5 టెస్లా, డ్రిఫ్ట్ వేగం మైక్రోసెకనుకు 5.2 సెంటీమీటర్లు. పై సూత్రంలో పెడితే టౌ దాదాపు 27 పికోసెకన్లు, ఒమేగా-టౌ 7 చిల్లర. ఆలిస్ ప్రయోగపు చాంబర్‌లో తొలి ఏళ్లలో నియాన్ 90, కార్బన్ డయాక్సైడ్ 10 పాళ్లు ఉండేవి. సెంటీమీటరుకు 400 వోల్టులు, 0.5 టెస్లా, మైక్రోసెకనుకు సుమారు 2.7 సెంటీమీటర్లు. టౌ 3.8 పికోసెకన్లు, ఒమేగా-టౌ 0.34 మాత్రమే.

దీనివల్ల ఒరిగేదేమిటి? రెండింటిలోనూ విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు ఒకే దిశలో ఉంటాయి. ఎలక్ట్రాన్ల మబ్బు అగరొత్తి పొగలా పక్కలకు పరుచుకుంటుంది కదా, ఆ డిఫ్యూజన్ గుణకాన్ని అయస్కాంతం (1 + ఒమేగా-టౌ వర్గం) వంతుకు తగ్గిస్తుంది. అలెఫ్‌లో అది దాదాపు 51 రెట్లు, అంటే మబ్బు వెడల్పు ఏడో వంతుకు కుంచించుకుపోతుంది. ఆలిస్‌లో వెడల్పు తగ్గేది 5 శాతం చిల్లరే. కాగితం మీద నాలుగు వరుసల్లో ఇంత తెలిసిపోతుంటే, నేరుగా మాంటే కార్లోలోకి దూకేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది.

భూమి అయస్కాంతత్వం సంగతేమిటని ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరు అడుగుతారు. విశాఖలో అది సుమారు 40 మైక్రోటెస్లాలు. 27 పికోసెకన్ల టౌతో గుణిస్తే ఒమేగా-టౌ 0.0002 కూడా రాదు. వదిలేయండి.

నాలుగో మెట్టు: గుంపు లేకుండా నడిపించడం

ఇక ప్రోగ్రాం. ముందు గ్యాస్ తీసేసి, ఖాళీలో ఎలక్ట్రాన్‌ను కదిలించండి. ఇంటర్‌లో నేర్చిన పద్ధతిలో, అంటే పాత వేగానికి త్వరణం ఇంటూ కాలం కలుపుతూ పోతే (ఆయిలర్ పద్ధతి), అయస్కాంత క్షేత్రంలో కొంప మునుగుతుంది. కాలపు మెట్టు ఒమేగాతో గుణిస్తే 0.1 వచ్చేంత చిన్నదే అనుకుందాం. ఆయిలర్ పద్ధతిలో ప్రతి మెట్టుకూ శక్తి 1 శాతం పెరుగుతుంది. ఒక పూర్తి చుట్టుకు 63 మెట్లు. 1.01ను 63 సార్లు గుణించి చూడండి, 1.87. ఒక్క ప్రదక్షిణకే శక్తి 87 శాతం పెరిగిపోయింది! అయస్కాంత క్షేత్రం ఎలక్ట్రాన్ శక్తిని మార్చనే మార్చదు కదా.

దీనికి మందు 1970 నాటి బోరిస్ పద్ధతి. విద్యుత్ తోపును రెండు సగాలు చేసి, మధ్యలో అయస్కాంతపు మలుపును పెడతాం:

1. సగం కాలపు మెట్టుకు విద్యుత్ క్షేత్రం ఇచ్చే తోపును వేగానికి కలపండి. దీన్ని 'ముందు వేగం' అందాం.
2. ఆవేశం × అయస్కాంత క్షేత్రం ÷ ద్రవ్యరాశి × సగం మెట్టు: ఇది 'టి' సదిశ. ముందు వేగానికి, (ముందు వేగం క్రాస్ టి) కలిపితే 'మధ్య వేగం'.
3. 'ఎస్' సదిశ = 2 టి ÷ (1 + టి వర్గం). ముందు వేగానికి (మధ్య వేగం క్రాస్ ఎస్) కలపండి. తిరగడం అయిపోయింది, వేగం పరిమాణం ఇసుమంత కూడా మారలేదు.
4. మిగతా సగం విద్యుత్ తోపు ఇవ్వండి. ఆ వేగంతో స్థానాన్ని జరపండి.

ఎలక్ట్రాన్ ఆవేశం రుణాత్మకమని మర్చిపోకండి. ఈ గుర్తు తప్పు సగం మంది చేస్తారు, మిగతా సగం రెండుసార్లు చేసి సరైన జవాబు తెచ్చుకుంటారు.

పరీక్షలు రెండు. మొదటిది: విద్యుత్ క్షేత్రం సున్నా, 1 టెస్లా, 1 ఎలక్ట్రాన్ వోల్ట్. వృత్త వ్యాసార్ధం 3.37 మైక్రాన్లు రావాలి, లక్ష మెట్ల తర్వాత కూడా శక్తి 1 దగ్గరే ఉండాలి. రెండోది: విద్యుత్ క్షేత్రం సెంటీమీటరుకు 1000 వోల్టులు, దానికి లంబంగా 1 టెస్లా, ఎలక్ట్రాన్ నిశ్చలంగా మొదలు. అది పక్కకు, అంటే రెండు క్షేత్రాలకూ లంబంగా, మైక్రోసెకనుకు సగటున 10 సెంటీమీటర్ల వేగంతో పోవాలి.

ఈ రెండో పరీక్షలో ఒక్క నిమిషం ఆగి ఆ దారిని జూమ్ చేసి చూడండి. విద్యుత్ క్షేత్రం లాగే వైపు ఎలక్ట్రాన్ ఎంత దూరం పోయింది? 1.1 మైక్రాన్లు. అంతే. అక్కడ గుండ్రంగా తిరిగి మళ్లీ మొదటి గీత మీదికి వచ్చేస్తుంది, సైకిల్ టైరుకు అంటిన సున్నపు చుక్కలా. గంటసేపు నడిపినా అంతే. మరి గ్యాస్ డిటెక్టర్‌లో ఎలక్ట్రాన్ క్షేత్రం వెంట ఎలా సాగుతోంది? గుద్దుకోవడం వల్లే! ప్రతి గుద్దుడూ ఆ చక్రాన్ని మధ్యలో చెడగొట్టి, ఎలక్ట్రాన్‌ను కాస్త ముందున్న గీత మీద వదిలేస్తుంది. లంబ క్షేత్రాల్లో ముందుకు సాగే వేగం గరిష్ఠమయ్యేది ఒమేగా-టౌ సరిగ్గా 1 అయినప్పుడు. గుంపు మరీ పల్చనైనా సాగదు, మరీ చిక్కనైనా సాగదు. ఇది పిల్లలకు చూపించినప్పుడు వాళ్ల మొహాలు చూడటం నాకిష్టం.

ఐదో మెట్టు: గుంపును దించడం

ఇక్కడ పని ఎక్కువ. క్రాస్ సెక్షన్ అంటే ఎలక్ట్రాన్‌కు అణువు ఎంత పెద్దగా కనిపిస్తుందో చెప్పే వైశాల్యం. అది శక్తితో పాటు మారిపోతుంది. ఎల్‌ఎక్స్‌క్యాట్ అనే ఉచిత డేటాబేస్‌లో ఆర్గాన్, నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వంటివాటి పట్టికలు దొరుకుతాయి. ఆర్గాన్ పట్టికను గ్రాఫ్ గీసి చూడండి. 10 ఎలక్ట్రాన్ వోల్ట్ల చుట్టుపక్కల పెద్ద కొండ, 0.2, 0.3 మధ్య లోతైన గుంట. ఆ గుంట దగ్గర క్రాస్ సెక్షన్ కొండ దగ్గరకంటే వంద రెట్లకు పైగా చిన్నది. అంటే ఆ శక్తి ఉన్న ఎలక్ట్రాన్‌కు ఆర్గాన్ దాదాపు కనిపించదు. తరంగ స్వభావం వల్ల వచ్చే ఈ వింతను రామ్‌సౌవర్-టౌన్‌సెండ్ ప్రభావం అంటారు.

ఇబ్బంది ఏమిటంటే, మామూలు పీడనంలో కొలిజన్ రేటు కొండ దగ్గర సెకనుకు 7 × 10¹² దాకా ఉంటే, గుంటలో దానికి వెయ్యో వంతు స్థాయికి పడిపోతుంది. ఎగిరే ప్రతి క్షణమూ శక్తి మారుతుంటే, తర్వాతి గుద్దుడు ఎప్పుడో పాచిక ఎలా వేస్తాం? 1968లో స్కల్లెరుడ్ ప్రచురించిన పద్ధతి చక్కటి చిట్కా. నేను దాన్ని 'ఉత్తుత్తి గుద్దుడు' అంటాను. రేటు ఎప్పుడూ గరిష్ఠమే అని అబద్ధం ఆడదాం. ఆ స్థిరమైన రేటుతో విరామం తేల్చడం తేలిక: 0, 1 మధ్య ఒక యాదృచ్ఛిక సంఖ్య తీసుకుని, దాని సహజ సంవర్గమానానికి గుర్తు మార్చి, గరిష్ఠ రేటుతో భాగించాలి. అంతసేపు బోరిస్ పద్ధతితో ఎగరనివ్వండి. ఆ విరామం పెద్దదైతే చిన్న మెట్లుగా విడగొట్టండి. చివరి క్షణంలో ఉన్న శక్తికి అసలు రేటు ఎంతో చూడండి. అసలు రేటు బై గరిష్ఠ రేటు 0.3 వస్తే, ఇంకో పాచిక వేసి నూటికి 30 సార్లు నిజంగా గుద్దించండి, మిగతా 70 సార్లు ఏమీ జరగనట్టు వదిలేయండి. ఎక్కడా ఉజ్జాయింపు లేదు, లెక్క ఖచ్చితం. ఒక్కటే షరతు, అసలు రేటు ఎప్పుడూ గరిష్ఠాన్ని దాటకూడదు. దాటితే ప్రోగ్రాం అరిచేలా ఒక వరుస రాయండి.

నిజంగా గుద్దితే, ఏ రకం? స్థితిస్థాపకమా (ఊరికే తగిలి చెదరడం), ఉత్తేజమా (అణువును పై శక్తిస్థాయికి ఎక్కించడం), అయనీకరణమా (దాని నుంచి ఇంకో ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టడం)? ఆ శక్తి దగ్గర ఒక్కోదాని క్రాస్ సెక్షన్ నిష్పత్తిలో మళ్లీ పాచిక. ఆర్గాన్‌లో మొదటి ఉత్తేజానికి 11.55, అయనీకరణానికి 15.76 ఎలక్ట్రాన్ వోల్ట్లు కావాలి. ఆ శక్తిని తీసేసి, కొత్త దిశ ఇవ్వాలి. అన్ని దిశలూ సమానమే అనుకుంటే, కొసైన్ = 1 − 2 × యాదృచ్ఛిక సంఖ్య, చుట్టూ కోణం = 2 పై × ఇంకో సంఖ్య. ఇలా చేసేటప్పుడు స్థితిస్థాపక పట్టికకు బదులు 'మొమెంటమ్ ట్రాన్స్‌ఫర్' అని రాసి ఉన్న పట్టికను వాడండి. లేకపోతే ముందువైపుకే చెదిరే కొలిజన్లను ఎక్కువగా శిక్షించినట్టవుతుంది.

స్థితిస్థాపక గుద్దుడులో పోయే శక్తి చాలా తక్కువ. పింగ్‌పాంగ్ బంతి ఆర్టీసీ బస్సును కొట్టినట్టు. ఆర్గాన్ పరమాణువు ఎలక్ట్రాన్ కంటే దాదాపు 73,000 రెట్లు బరువు, కాబట్టి సగటున శక్తిలో 0.0000275 వంతే పోతుంది. 1 ఎలక్ట్రాన్ వోల్ట్ దగ్గర అది 27 మైక్రో ఎలక్ట్రాన్ వోల్ట్లు. అందుకే శుద్ధ ఆర్గాన్‌లో ఎలక్ట్రాన్లు వేడెక్కి, దిక్కూ మొక్కూ లేకుండా తిరుగుతాయి. ఇప్పుడు కాస్త కార్బన్ డయాక్సైడ్ కలపండి. దాని వంగే కంపనానికి 0.083 ఎలక్ట్రాన్ వోల్ట్లు కావాలి. అలాంటి ఒక్క గుద్దుడుకు ఎలక్ట్రాన్ పోగొట్టుకునేది ఆర్గాన్ గుద్దుడులో పోయేదానికి 3000 రెట్లు. ఎలక్ట్రాన్లు చల్లబడి ఆ రామ్‌సౌవర్ గుంటలోకి జారుతాయి. అక్కడ అడ్డొచ్చేవాళ్లు తక్కువ కాబట్టి, చల్లబడ్డ ఎలక్ట్రాన్ల డ్రిఫ్ట్ వేగం పెరుగుతుంది! డిటెక్టర్లలో మిశ్రమాలు వాడటానికి ఇదొక పెద్ద కారణం.

ఆరో మెట్టు: జవాబు తెలిసిన గ్యాస్

నిజం గ్యాస్ జోలికి పోకముందే రెండు బొమ్మ గ్యాసుల మీద నడపండి. ఈ మెట్టును ఎగ్గొట్టినవాళ్లు తర్వాత నెలల తరబడి తలపట్టుకోవడం చూశాను.

మొదటి బొమ్మ: ఏ శక్తికైనా కొలిజన్ రేటు సెకనుకు 10¹², అన్ని దిశలకూ సమానంగా చెదరడం, కదలని బరువైన పరమాణువులు. సెంటీమీటరుకు 1000 వోల్టులకు డ్రిఫ్ట్ వేగం మైక్రోసెకనుకు 1.76 సెంటీమీటర్లు రావాలి. లంబంగా 1 టెస్లా పెడితే క్షేత్రం వెంట 1.71, పక్కకు 0.30. విద్యుత్ క్షేత్రపు గీతకూ నికరంగా సాగే దిశకూ మధ్య కోణం, అంటే లోరెంజ్ కోణం, 10 డిగ్రీలు. శక్తి పెరుగుతూనే పోతుంది, కంగారుపడకండి. శక్తి పోయే దారి మనం పెట్టలేదు మరి.

రెండో బొమ్మ 1979 నాటి రీడ్ ర్యాంప్ నమూనా. అణువు బరువు 4 యూనిట్లు, ఉష్ణోగ్రత సున్నా కెల్విన్. స్థితిస్థాపక క్రాస్ సెక్షన్ అన్ని శక్తులకూ 6 × 10⁻²⁰ చదరపు మీటర్లు. 0.2 ఎలక్ట్రాన్ వోల్ట్ల దగ్గర మొదలై ఒక్కో ఎలక్ట్రాన్ వోల్ట్‌కు 10 × 10⁻²⁰ చదరపు మీటర్ల చొప్పున ర్యాంపులా పైకి పోయే ఉత్తేజం ఒకటి. 12 టౌన్‌సెండ్లకు సగటు శక్తి 0.27 ఎలక్ట్రాన్ వోల్ట్లు, డ్రిఫ్ట్ వేగం సెకనుకు 68 కిలోమీటర్ల చిల్లర రావాలి. ఈ రంగంలో కొత్త ప్రోగ్రాం రాసినవాళ్లు ముందు తల వంచేది ఈ గుమ్మం దగ్గరే.

గ్యాస్ ఉష్ణోగ్రతను కలిపాక మూడో పరీక్ష. విద్యుత్ క్షేత్రం ఆపేసి చాలాసేపు వదిలేస్తే, సగటు శక్తి 20 డిగ్రీలకు 0.038 ఎలక్ట్రాన్ వోల్ట్ల దగ్గర స్థిరపడాలి. సున్నాకు పడిపోతోందంటే అణువుల సొంత కదలికను కలపడం మర్చిపోయారు.

ఏడో మెట్టు: కొలవడం

మొదలైన వెంటనే వచ్చే అంకెలను పారేయండి. శక్తి స్థిరపడేదాకా ఎలక్ట్రాన్‌కు తన గతం గుర్తుంటుంది. ఆ తర్వాత సగటు స్థానం కాలంతో మారే వాలు డ్రిఫ్ట్ వేగం. స్థానాల విస్తృతి వర్గం మారే వాలులో సగం డిఫ్యూజన్ గుణకం.

ఎన్ని నమూనాలు కావాలో చిన్న లెక్క. శక్తి 1 ఎలక్ట్రాన్ వోల్ట్ అయితే ఒక దిశలో వేగపు ఊగిసలాట సెకనుకు 340 కిలోమీటర్లు. మనకు కావలసిన డ్రిఫ్ట్, మొదటి బొమ్మ గ్యాస్‌లో, 17.6 కిలోమీటర్లు. దాన్ని 1 శాతం ఖచ్చితత్వంతో పట్టుకోవాలంటే ఒకదానితో ఒకటి సంబంధంలేని నమూనాలు దాదాపు 37 లక్షలు కావాలి. వంద ఎలక్ట్రాన్లు నడిపి గ్రాఫ్ గీతను 'స్మూత్' చేసే అలవాటు ఎంత దారుణమో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఒక కాపలా అంకె కూడా పెట్టుకోండి. అయస్కాంతం లేనప్పుడు, సెంటీమీటరుకు 1000 వోల్టుల వద్ద ఒక సెంటీమీటరు సాగాక, పక్కలకు పరుచుకోవడం 71 మైక్రాన్ల కంటే తక్కువ రాకూడదు. అది గది ఉష్ణోగ్రత పెట్టిన కనీస హద్దు. 50 వచ్చిందని సంబరపడితే, బగ్ దొరికిందని సంబరపడండి.

అయనీకరణం మొదలైతే ఇంకో జాగ్రత్త. ఎలక్ట్రాన్ల సగటు వేగమూ, మబ్బు కేంద్రం కదిలే వేగమూ వేరుపడతాయి. మబ్బు ముందు అంచున వేడి ఎలక్ట్రాన్లుంటాయి, కొత్తవి అక్కడే ఎక్కువ పుడతాయి, దాంతో కేంద్రం ముందుకు జరుగుతుంది. ప్రయోగంతో పోల్చేటప్పుడు ఏది దేనితో పోలుస్తున్నారో చూసుకోండి.

ఎనిమిదో మెట్టు: నిజం డిటెక్టర్, రెడీమేడ్ ప్రోగ్రాం

గొట్టం మధ్యలో తీగ ఉన్న డిటెక్టరే తీసుకుందాం. తీగ వ్యాసార్ధం 25 మైక్రాన్లు, గొట్టానిది 1 సెంటీమీటరు, 1500 వోల్టులు. క్షేత్రం = వోల్టేజీ ÷ (దూరం × రెండు వ్యాసార్ధాల నిష్పత్తి సంవర్గమానం). గోడ దగ్గర సెంటీమీటరుకు 250 వోల్టులు, తీగ ఉపరితలం మీద లక్ష. దారంతా నెమ్మదిగా వచ్చిన ఎలక్ట్రాన్ చివరి కొన్ని పదుల మైక్రాన్లలో ఒకటి రెండై, రెండు నాలుగై ఉప్పెనలా పెరుగుతుంది. ఇలాంటిచోట మ్యాగ్‌బోల్ట్జ్, గార్ఫీల్డ్ ప్లస్ ప్లస్ వాడండి. మొదటిది లివర్‌పూల్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టీవ్ బియాగీ రాసిన మాంటే కార్లో, క్రాస్ సెక్షన్లు దాని లోపలే ఉంటాయి. రెండోది క్షేత్రం, గ్యాస్, డ్రిఫ్ట్, సిగ్నల్ అన్నింటినీ ఒకచోట కుట్టే చట్రం. జెమ్ (సన్నని రంధ్రాలున్న పలచని రేకు) రంధ్రాల వంటి మెలికల ఆకారాలకు క్షేత్రాన్ని ఎల్మర్ లాంటి ఫైనైట్ ఎలిమెంట్ ప్రోగ్రాంలో లెక్కగట్టి తెచ్చుకోవచ్చు.

ఆర్గాన్ మిశ్రమాల్లో ఉప్పెన లెక్క ప్రయోగం కంటే తక్కువ వస్తే ఆశ్చర్యపోకండి. బాగా పైస్థాయికి ఉత్తేజితమైన ఆర్గాన్, పక్కనున్న కార్బన్ డయాక్సైడ్‌ను (అయనీకరణానికి 13.8 చాలు దానికి) అయనీకరించగలదు. ఈ పెన్నింగ్ బదిలీ ఎంత శాతమో మీరే ఇవ్వాలి, ప్రోగ్రాం దానంతటది ఊహించదు.

నా సొంత తలనొప్పి ఒకటి చెబుతాను. మొదటిసారి గార్ఫీల్డ్ వాడినప్పుడు పీడనం దగ్గర 1 అని కొట్టాను, ఒక అట్మాస్ఫియర్ కదా అని. అది అడిగేది టార్‌లో. 760కి బదులు 1 ఇచ్చానన్నమాట. ఈ బై ఎన్ 760 రెట్లు పెరిగిపోయి, ఎలక్ట్రాన్లు పిచ్చెక్కినట్టు పరుగెత్తాయి. రెండు రోజులు క్షేత్రం మ్యాపునే అనుమానించాను. అక్కడ పొడవు సెంటీమీటర్లు, కాలం నానోసెకన్లు, క్షేత్రం సెంటీమీటరుకు వోల్టులు. ఆ పట్టిక చీటీ రాసి మానిటర్‌కు అతికించండి.

ఇక మన ఊరి ప్రత్యేక శత్రువు, సముద్రపు తేమ. 30 డిగ్రీలు, 75 శాతం తేమ అంటే గాలిలో 3 శాతం నీటి ఆవిరి. మీ గ్యాస్‌లోకి కనెక్టర్ దగ్గర 1 శాతం గాలి దూరిందంటే పది లక్షల్లో 300 పాళ్లు నీరు, 2000 పాళ్లు ఆక్సిజన్ చేరినట్టు. నీటి అణువు నెమ్మదైన ఎలక్ట్రాన్లను గట్టిగా చెదరగొడుతుంది, ఆక్సిజన్ వాటిని మింగేస్తుంది. లెక్కకూ కొలతకూ పొంతన కుదరనప్పుడు ఈ పాళ్లు కలిపి ఒకసారి నడపండి. చాలాసార్లు గీత వచ్చి చుక్కల మీద కూర్చుంటుంది. గ్యాస్ పని అంటే సగం వాక్యూమ్ పనే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతిక శాస్త్రానికి పునాది వేసిన స్వామి జ్ఞానానంద కూడా వాక్యూమ్ విద్యలో చేయి తిరిగినవారే.

అయాన్ల గురించి రెండు ముక్కలు చాలు. ఆర్గాన్‌లో ఆర్గాన్ అయాన్ చలనశీలత, మామూలు పీడనంలో, వోల్ట్-సెకనుకు సుమారు 1.5 చదరపు సెంటీమీటర్లు. సెంటీమీటరుకు 1000 వోల్టులకు సెకనుకు 15 మీటర్లు, సైకిల్ రేసు వేగం. ఒక సెంటీమీటరు దాటడానికి 670 మైక్రోసెకన్లు. వాటికి మాంటే కార్లో అక్కర్లేదు, వేగం ఇంటూ కాలం సరిపోతుంది. ఎలక్ట్రాన్లు ఎప్పుడో వెళ్లిపోయాక కూడా అవి అక్కడే దేకుతూ, తర్వాత వచ్చే ఎలక్ట్రాన్లకు క్షేత్రాన్ని వంకర చేస్తాయని మాత్రం గుర్తుంచుకోండి. రేటు ఎక్కువున్న డిటెక్టర్లలో మొదటి కష్టం అదే.

రాత్రంతా నడిచే రన్ పెట్టేముందు ఒక టెక్స్ట్ ఫైలు తెరిచి ఇవి రాయండి: యాదృచ్ఛిక సంఖ్యల సీడ్, పీడనం, ఉష్ణోగ్రత, మిశ్రమం, క్రాస్ సెక్షన్ పట్టిక ఏ తేదీన దించుకున్నారు, గరిష్ఠ రేటు ఎంత పెట్టారు. ప్రతి వెయ్యి ఎలక్ట్రాన్లకూ ఫలితాన్ని డిస్క్ మీద దాచండి. వానాకాలంలో కరెంటు పోయేది సరిగ్గా తెల్లవారుజామున మూడింటికే.